మా కరెంటు బిల్లులో యురేనియం వాటా ఎంతో ఒక లైను రాయించండి

ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి అధ్యక్షులకు, సభ్యులకు నమస్కారం.

నేను చిత్తూరుకు దగ్గర్లో ఒక మామిడి పల్ప్ ఫ్యాక్టరీలో బాయిలర్ నడుపుతాను. డిగ్రీలో ఫిజిక్స్ చదివి, ఆ చదువుకు ఇక్కడ పని దొరక్క బాయిలర్ అటెండెంట్ సర్టిఫికెట్ తెచ్చుకున్నవాణ్ని. మిమ్మల్ని అడగాలనుకున్నది చిన్న విషయమే. మేం కాల్చిన యూనిట్లలో బొగ్గు నుంచి వచ్చినవెన్ని, నీళ్ల నుంచి, ఎండ నుంచి, గాలి నుంచి వచ్చినవెన్ని, యురేనియం నుంచి వచ్చినవెన్ని అనేది మా బిల్లు మీద తెలుగులో ఒక లైను వేయించండి.

బిల్లులో ఇప్పటికే లైన్లకు కొదవ లేదు. ఎనర్జీ చార్జీలు, ఫిక్స్‌డ్ చార్జీలు, కస్టమర్ చార్జీలు, ఎలక్ట్రిసిటీ డ్యూటీ, ఆ కింద ఎఫ్‌పీపీసీఏ, ట్రూఅప్. ఈ చివరి రెండూ ఇంధనం ధర, కరెంటు కొనుగోలు ఖర్చు అనుకున్నదానికన్నా పెరిగిందని మా మీద వేసేవి. ఏ ఇంధనం, ఎక్కడి ఇంధనం అన్న మాట మాత్రం కనబడదు. మా వీధిలో రీడింగ్ తీసే కుర్రాడిని అడిగితే "అది పైనించి వస్తాదన్నా, మా మిషన్లో ఏం తెలీదు" అన్నాడు. అతని తప్పేం లేదు. ఆ వివరం మీ దగ్గర ఉంది. ఏటా డిస్కంలు, అంటే కరెంటు పంపిణీ సంస్థలు, మీకిచ్చే లెక్కల్లో, మీరిచ్చే టారిఫ్ ఆర్డర్లో ఏ స్టేషన్ నుంచి ఎన్ని మిలియన్ యూనిట్లు కొంటున్నారో పట్టికలు ఉంటాయి. తమిళనాడులోని కల్పాక్కం, కర్ణాటకలోని కైగా అణు కేంద్రాల పేర్లు కూడా వాటిలో ఉంటాయి. అయితే అది వందల పేజీల ఇంగ్లిష్. మా ఫ్యాక్టరీలో అది తెరిచి చూసినవాళ్లు ఎవరూ లేరు, నేను తప్ప. నేను చూసింది కూడా నైట్ షిఫ్టులో నిద్ర రాకుండా ఉండటానికే అనుకోండి.

అన్ని ఇంధనాల సంగతీ ఉండగా ఈ లేఖలో యురేనియం గురించే ఎక్కువ రాస్తున్నాను. బొగ్గు అంటే జనానికి తెలుసు, ఎండ అంటే తెలుసు. యురేనియం అంటే తెలిసింది భయం ఒక్కటే. పోయిన సీజన్లో ఒక రాత్రి బాయిలర్ దగ్గర టెంకలు వేసే పిల్లవాడు ఫోన్లో ఒక వీడియో చూపించి, "అన్నా, కడప యురేనియం కరెంటు మనకొచ్చిందంటే ఇంట్లో పిల్లోళ్లకు మంచిది కాదంట కదా?" అన్నాడు. పక్కన డ్రమ్ములు దొర్లించే ఆయన అందుకుని, "అది బాంబురా నాయనా, తీగల్లో తెస్తారా ఏంది" అన్నాడు. ఇద్దరికీ చెప్పాను, తీగలో యురేనియం రాదు, ఆవిరి తిప్పిన టర్బైన్ పుట్టించిన కరెంటే వస్తుంది, ముద్దనూరు థర్మల్ కరెంటుకూ దానికీ ఇంట్లో బల్బుకు తేడా తెలియదు అని. నమ్మారో లేదో గానీ, ఆ తర్వాత గంటసేపు ప్రశ్నల మీద ప్రశ్నలు వేశారు. ఆ రోజు వాళ్లకు చెప్పినదాన్నే కొంచెం సర్ది మీకు రాస్తున్నాను. ఇవన్నీ మీకు తెలియక కాదు. ఈ మాత్రం చెబితే మామూలు మనుషులకు అర్థమవుతుందని మీకు చూపించడానికి.

రాయి దగ్గర మొదలుపెడతాను. మా చిత్తూరు నుంచి పీలేరు, రాయచోటి మీదుగా పులివెందుల వైపు పోతే వేముల మండలంలో తుమ్మలపల్లె వస్తుంది. యురేనియం కార్పొరేషన్ అక్కడ భూమి లోపల గని తవ్వి, పైన మిల్లు పెట్టింది. 2012లో మిల్లు మొదలైంది. దాని సామర్థ్యం రోజుకు 3,000 టన్నుల రాయి. దేశంలో మొదటి యురేనియం గని జార్ఖండ్‌లోని జాదూగూడ, 1967 నాటిది. అక్కడ రాయి పొడి మీద సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసి యురేనియాన్ని కరిగిస్తారు. తుమ్మలపల్లెలో ఆ పద్ధతి కుదరదు, ఎందుకంటే ఇక్కడిది సున్నపురాయి జాతి రాయి, డోలమైట్. ఎంత ఆమ్లం పోసినా రాయే తాగేస్తుంది. అందుకని ఇక్కడ సోడా పద్ధతి పెట్టారు. రాయిని మెత్తగా నూరి, సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ కలిపిన నీళ్లలో ఆక్సిజన్ ఇస్తూ, వేడి మీద, ప్రెజర్లో ఉడికిస్తారు. అన్ని దశలూ దాటాక మిగిలేది సోడియం డైయురేనేట్ అనే పసుపుపచ్చ పొడి.

టన్ను రాయిలో యురేనియం అర కిలో కూడా ఉండదు. మిగిలిందంతా బురదే. ఆ బురద సంగతికి మళ్లీ వస్తాను, అది దాటేసి పోయే విషయం కాదు.

పసుపు పొడి హైదరాబాద్ మౌలాలి దగ్గర ఉన్న న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌కు పోతుంది. అక్కడ దాన్ని శుద్ధి చేసి, యురేనియం డైఆక్సైడ్‌గా మార్చి, చిన్న చిన్న బిళ్లలుగా ఒత్తి, 1,700 డిగ్రీల దగ్గర కాలుస్తారు. నల్లగా, గట్టిగా, పింగాణీ జాతి వస్తువుగా తయారవుతుంది. 2,800 డిగ్రీలు దాటితే గానీ కరగదు. ఆ బిళ్లలను జిర్కోనియం మిశ్రమలోహపు గొట్టాల్లో వరసగా పేర్చి రెండు కొసలా సీలు చేస్తారు. జిర్కోనియమే ఎందుకంటే అది న్యూట్రాన్లను (పరమాణువు నడుమ ఉండే కేంద్రకంలోని చార్జి లేని కణాలను) దాదాపు మింగదు, వేడికీ నీళ్లకూ తట్టుకుంటుంది. 220 మెగావాట్ల రియాక్టరుకైతే అలాంటి గొట్టాలు 19 కలిపి ఒక కట్ట కడతారు, దాన్నే బండిల్ అంటారు. పొడవు దాదాపు అర మీటరు. కొత్త బండిల్‌ను చేతికి గ్లవుజులు వేసుకుని పట్టుకోవచ్చు. రియాక్టర్లో ఉండి బయటికొచ్చాక మాత్రం దాని దగ్గరికి మనిషి పోలేడు.

ఇప్పుడు అసలు కథ. భూమిలో దొరికే యురేనియంలో రెండు రకాలున్నాయి. 99.3 శాతం యురేనియం-238. మిగిలిన 0.7 శాతం యురేనియం-235. మంట పట్టించేది ఈ రెండోదే. మంట అన్నాను గానీ అక్కడ ఏదీ మండదు, ఆక్సిజన్‌తో పనే లేదు. యురేనియం-235 కేంద్రకానికి ఒక న్యూట్రాన్ తగిలితే అది రెండు ముక్కలవుతుంది. ముక్కలు విపరీతమైన వేగంతో విడిపోయి చుట్టూ ఉన్న పరమాణువులను గుద్దుకుంటాయి, ఆ గుద్దులే వేడి. ముక్కలతో పాటు రెండో మూడో కొత్త న్యూట్రాన్లు బయటికొస్తాయి. వాటిలో ఒక్కటి చాలు ఇంకో కేంద్రకాన్ని చీల్చడానికి, అలా సాగుతూ పోతుంది. 1938 డిసెంబర్‌లో జర్మనీలో ఒట్టో హాన్, ఫ్రిట్జ్ స్ట్రాస్‌మన్ ప్రయోగంలో ఇది బయటపడింది. జరిగిందేమిటో లెక్కగట్టి చెప్పింది మాత్రం హిట్లర్ బాధ పడలేక దేశం వదిలిపోయిన లీజా మైట్నర్, ఆమె మేనల్లుడు ఒట్టో ఫ్రిష్. నోబెల్ హాన్‌కు వచ్చింది, ఆమెకు రాలేదు. మా కాలేజీలో ఈ ముక్క ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ ఒక చిక్కుంది. చీలినప్పుడు పుట్టే న్యూట్రాన్ వేగం సెకనుకు దాదాపు 20,000 కిలోమీటర్లు. అంత వేగంతో పోతే యురేనియం-235కు తగిలి పట్టుబడే అవకాశం చాలా తక్కువ, దారిలో 238 మింగేసే అవకాశం ఎక్కువ. దాన్ని సెకనుకు రెండు కిలోమీటర్ల చిల్లరకు తగ్గించాలి. తగ్గించడానికి తేలికైన కేంద్రకాలున్న పదార్థం కావాలి, అదే సమయంలో అది న్యూట్రాన్లను మింగకూడదు. మామూలు నీళ్లు వేగం బాగా తగ్గిస్తాయి గానీ కొన్నిటిని మింగేస్తాయి. అసలే 0.7 శాతం సరుకుతో నడిపేవాళ్లకు ఆ నష్టం భరించరానిది. భారజలం, అంటే మామూలు హైడ్రోజన్ బదులు దాని బరువైన రకం ఉన్న నీళ్లు, దాదాపు మింగదు. అందుకే సహజ యురేనియంతో నడిచే మన రియాక్టర్లకు భారజలం కావాలి. దాన్ని తయారుచేసే పెద్ద కర్మాగారాల్లో ఒకటి గోదావరి ఒడ్డున మణుగూరులో ఉంది. మామూలు నీళ్లే వాడతాం అనేవాళ్లు యురేనియం-235 వాటాను మూడు నుంచి ఐదు శాతం దాకా పెంచుకోవాలి. కూడంకుళంలో రష్యా నుంచి తెచ్చేది అలా పెంచిన ఇంధనమే.

డ్రమ్ముల ఆయన బాంబు ప్రశ్నకు జవాబు కూడా ఈ శాతాల్లోనే ఉంది. బాంబుకు యురేనియం-235 వాటాను మామూలుగా తొంభై శాతం దాకా పెంచుతారు. 0.7 శాతం సరుకు ఎంత కుప్ప పోసినా, ఏం చేసినా బాంబు మాదిరి పేలదు. రియాక్టర్లో ప్రమాదాలు జరుగుతాయి, కాకపోతే అవి వేరే రకం.

చీలిక చీలికకూ న్యూట్రాన్ల లెక్క ఒకటికి ఒకటిగా నిలబెట్టడమే రియాక్టర్ నడపడం. పుట్టిన రెండు మూడింటిలో సగటున సరిగ్గా ఒక్కటే తర్వాతి చీలికకు పోవాలి. ఒకటి కన్నా తగ్గితే ఆగిపోతుంది, పెరిగితే వేడి పెరుగుతూ పోతుంది. కాడ్మియం, బోరాన్ లాంటి న్యూట్రాన్లను మింగే పదార్థాలు పెట్టి ఈ లెక్క సరిచేస్తారు. నేను మొదట చదివినప్పుడు నాకు నమ్మకం కుదరలేదు. సెకనులో వెయ్యోవంతులో జరిగిపోయే పనిని మనుషులు, మోటార్లు ఎలా అదుపు చేస్తాయి? దానికి ప్రకృతే ఒక సాయం చేసింది. న్యూట్రాన్లలో 99 శాతం పైన చీలిన క్షణంలోనే పుడతాయి. 0.65 శాతం మాత్రం ఆలస్యంగా, సెకన్ల తర్వాత, కొన్నయితే నిమిషం దాకా ఆగి, చీలిన ముక్కల్లోంచి వస్తాయి. రియాక్టర్‌ను ఈ ఆలస్యపు న్యూట్రాన్లు కూడా కలిస్తే తప్ప లెక్క నిండకుండా నడుపుతారు. అందుకని వేడి పెరగడం, తగ్గడం మనిషి చెయ్యి అందుకునేంత నిదానంగా ఉంటుంది. ఆ అర శాతం చిల్లర లేకపోతే అణు విద్యుత్ అనేది ఉండేదే కాదు.

ఇక్కణ్ణుంచి నాకు తెలిసిన లోకమే. కైగాలో, కల్పాక్కంలో ఉన్న 220 మెగావాట్ల రియాక్టర్లలో బండిళ్ల మీదుగా భారజలం చదరపు సెంటీమీటరుకు దాదాపు 90 కేజీల ప్రెజర్లో పారి, 290 డిగ్రీల పైకి వేడెక్కి, ఆవిరి జనరేటర్‌కు పోతుంది. అక్కడ గొట్టాల లోపల భారజలం, బయట మామూలు నీళ్లు. రెండూ కలవవు. మామూలు నీళ్లు 250 డిగ్రీల దగ్గర, 40 కేజీల ప్రెజర్లో ఆవిరై టర్బైన్ తిప్పుతాయి. మా ఫ్యాక్టరీలో పది కేజీల ప్రెజర్ ఆవిరితో తోతాపురి గుజ్జు వేడి చేస్తాం. మాకు కట్టెలు, వేరుశనగ పొట్టు, ఎండబెట్టిన మామిడి టెంకలు. వాళ్లకు యురేనియం. ఫీడ్ వాటర్ పంపు, సేఫ్టీ వాల్వు, కండెన్సేట్ తిరిగి తెచ్చుకునే తిప్పలు, గొట్టాలకు తుప్పు పట్టకుండా నీళ్ల పరీక్షలు, ఇవన్నీ ఇద్దరికీ ఉన్నాయి. 2018 చివరి రోజు దాకా కైగా మొదటి యూనిట్ 962 రోజులు ఆపకుండా నడిచి అప్పటికి ప్రపంచ రికార్డు కొట్టిందని చదివినప్పుడు, ఫిజిక్స్ సంగతి పక్కనపెట్టి, ఆ బాయిలర్ వైపు పనిచేసినవాళ్లకు దండం పెట్టాను. మాకు సీజన్ మూడు నెలలు ఒక్క ట్యూబు లీకు లేకుండా గడిస్తే అదే పండగ. ఇంధనం మార్చడానికి కూడా వాళ్లు ఆపరు. రియాక్టర్ నడుస్తుండగానే ఒకవైపు నుంచి మిషన్ కొత్త బండిళ్లను నెడుతుంటే రెండోవైపు మిషన్ పాతవాటిని తీసుకుంటుంది.

ఇక లెక్క. మన భారజల రియాక్టర్లలో ఒక కిలో సహజ యురేనియం నుంచి వచ్చే కరెంటు సుమారు 50,000 యూనిట్లు. మా ఇంట్లో నెలకు నూటయాభై యూనిట్ల దాకా కాలుతుంది. అంటే ఒక కిలో మాకు పాతికేళ్లు దాటి వస్తుంది. అంత కరెంటు బొగ్గుతో చేయాలంటే మన దేశపు బొగ్గు 35 టన్నులు కావాలి, అందులో పన్నెండు టన్నులకు పైగా బూడిదే. వింతేమిటంటే ఆ కిలో యురేనియంలో నిజంగా చీలేది ఏడెనిమిది గ్రాములు. అందులోనూ అంతా 235 కాదు. న్యూట్రాన్‌ను మింగిన 238 కొంత ప్లుటోనియంగా మారి, అది కూడా అక్కడే చీలి వేడినిస్తుంది. పనికిరాదనుకున్న 238 అలా దొడ్డిదారిన పనికొస్తుంది. ఇంకా లోపలికి పోతే, శక్తిగా మారి మాయమైన బరువు ఏడు మిల్లీగ్రాముల లోపే. పాతికేళ్లు ఫ్యాను తిరిగి, టీవీ చూసి, మిక్సీ వాడితే అయ్యే ఖర్చు అంత.

అయితే నేను బాయిలర్ వాణ్ని కాబట్టి ఒక సంగతి దాచలేను. మా బాయిలర్‌కు పొట్టు వేయడం ఆపేస్తే కొంచెంసేపటికి చల్లబడుతుంది. రియాక్టర్ ఆపినా చల్లబడదు. చీలిక ఆగిపోతుంది గానీ, చీలిన ముక్కలు వాటంతటవే మారుతూ వేడి పుట్టిస్తూనే ఉంటాయి. ఆపిన క్షణంలో అది మొత్తం వేడిలో ఆరేడు శాతం, ఒక రోజయ్యాక దాదాపు అర శాతం. 220 మెగావాట్ల రియాక్టర్లో పుట్టే వేడి 750 మెగావాట్ల దాకా ఉంటుంది కాబట్టి, ఆపిన ఒక రోజు తర్వాత కూడా అది గంటకు ఐదు టన్నుల ఆవిరిచ్చే బాయిలర్ ఫుల్ లోడు మీద ఇచ్చేంత వేడి. ఆపే స్విచ్ లేని వేడి. దాని మీద నీళ్లు పారుతూనే ఉండాలి. 2011 మార్చి 11న జపాన్ ఫుకుషిమాలో జరిగింది ఇదే. భూకంపం రాగానే రియాక్టర్లు వాటంతటవే ఆగాయి. తర్వాత వచ్చిన సునామీ డీజిల్ జనరేటర్లను ముంచేసింది. పంపులు ఆగాయి, నీళ్లు ఆవిరైపోయాయి, మూడు రియాక్టర్లలో ఇంధనం కరిగింది. కాలిన జిర్కోనియం, ఆవిరి కలిసి హైడ్రోజన్ పుట్టి భవనాలు పేలాయి. ఇంధనం తప్పు కన్నా పంపు తప్పు అది. పంపులు నడిపేవాడికి ఇది చదివితే రాత్రి నిద్ర పట్టదు.

బురద సంగతికి వస్తానన్నాను. మూడు టన్నుల రాయి నూరితే గానీ మా ఇంటి పాతికేళ్ల కిలో రాదు. మిగిలిన బురదలో యురేనియం పోయినా రేడియం లాంటివి ఉండిపోతాయి. రాయిలో ఉన్న రేడియోధార్మికతలో ఎక్కువ భాగం పోయేది బురద చెరువులోకే. తుమ్మలపల్లె మిల్లు బురద కె.కె.కొట్టాల దగ్గరి చెరువులో చేరుతుంది. ఆ చుట్టుపక్కల అరటి రైతులు బోరు నీళ్లు పాడయ్యాయని ఏళ్ల తరబడి చెబుతున్నారు, సంస్థ కాదంటోంది. కాలుష్య నియంత్రణ మండలి నోటీసులు కూడా ఇచ్చింది. ఎవరి మాట ఎంత నిజమో నేను తేల్చలేను. నాకు అర్థమైంది ఒకటే. కైగా నుంచి వచ్చే యూనిట్ ఖర్చులో కొంత భాగం ఆ బోరు దగ్గర పడుతోందేమో అని అడిగే హక్కు ఆ యూనిట్ కాల్చినవాడికి ఉంది. వాడికి అది ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిస్తే కదా అడిగేది. వాడిన బండిళ్ల సంగతీ అంతే. వాటిని ఏళ్లపాటు నీళ్ల తొట్టెల్లో చల్లార్చి, తర్వాత తారాపూర్, కల్పాక్కంలో ప్లుటోనియం వేరుచేసి, మిగిలిన ఘాటు వ్యర్థాన్ని గాజులో కలిపి గట్టిపరుస్తారు. దాన్ని తరాల తరబడి కాపలా కాయాలి. ఆ ఖర్చు ఎవరి తరం బిల్లులో పడుతుందో మీకన్నా బాగా అడగగలవాళ్లు లేరు.

నా సొంత అభిప్రాయం అడిగితే, ఈ లెక్కలన్నీ బయటపెట్టి నడిపితే యురేనియం కరెంటు బొగ్గు కన్నా మేలు. దాచి నడిపితే మాత్రం ఏ కరెంటూ మేలు కాదు. దేశం మొత్తం మీద అణు కరెంటు వాటా మూడు శాతం దగ్గరే ఉంది. అణు కేంద్రాల సామర్థ్యాన్ని 2047 నాటికి 100 గిగావాట్లకు పెంచుతామని కేంద్రం చెబుతోంది. అంత పెంచేటప్పుడు జనానికి ఇప్పటినుంచే అలవాటు చేయడం మంచిది కదా.

ఇంకో విచిత్రం చూడండి. రాయి కడపది. బండిల్ హైదరాబాద్‌ది. భారజలంలో కొంత మణుగూరుది. కంట్రోల్ పరికరాలు చేసే ఈసీఐఎల్‌ను 1967లో హైదరాబాద్‌లో నిలబెట్టింది మన మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు గారు. రెండు తెలుగు రాష్ట్రాల్లో అణు విద్యుత్ కేంద్రం మాత్రం ఒక్కటీ లేదు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఆరు అమెరికన్ రియాక్టర్లు పెడతామని ఏళ్లుగా అంటున్నారు. అవి వస్తే నడిచేది వాటా పెంచిన యురేనియం మీద, మామూలు నీళ్లతో. తుమ్మలపల్లె పొడిని ఉన్నది ఉన్నట్టు వాటికి వాడలేం. ఈ ముక్క కొవ్వాడ సభల్లో గానీ, పులివెందుల సభల్లో గానీ ఎవరైనా చెప్పారా? చెప్పి ఉంటే సంతోషం.

మీరు చెప్పబోయే అభ్యంతరాలు కొన్ని ఊహించగలను. గ్రిడ్‌లో కలిశాక కైగా కరెంటు, ముద్దనూరు కరెంటు అని విడిగా ఉండదు, ఏ ఇంటికి ఏది పోయిందో ఎవరూ చెప్పలేరు అంటారు. నిజమే, నేనూ ఒప్పుకుంటాను. నేను అడిగేది కొనుగోలు లెక్కలో వాటా. డబ్బులు ఆ లెక్క మీదే కదా వసూలు చేస్తున్నారు. మిషన్ కాగితంలో చోటు లేదంటే, నెల నెలా అక్కర్లేదు, ఏడాదికి ఒకసారి ఏప్రిల్ బిల్లులో వేసినా చాలు. యూరప్ దేశాల్లో కరెంటు అమ్మేవాళ్లు ఏ ఇంధనం నుంచి ఎంత వచ్చిందో వాడకందారులకు చెప్పాలని 2003లోనే నియమం పెట్టారు. అక్కడ కూడా గ్రిడ్ ఒకటే, తీగలూ కలిసే ఉంటాయి.

అణు అన్న మాట బిల్లు మీద కనిపిస్తే జనం టెన్షన్ పడతారు, గొడవలు అవుతాయి అనేది ఇంకో మాట. ఇది ఎవరూ కాగితం మీద రాయరు గానీ అందరి మనసులో ఉంటుంది. సార్, టెన్షన్ ఇప్పటికే ఉంది. అది వాట్సాప్‌లో వస్తోంది, బిల్లులో కాదు. మా బాయిలర్ దగ్గరి పిల్లవాడికి మొదట భయం వేసింది వీడియో చూసి. ఆలస్యపు న్యూట్రాన్ల సంగతి చెప్పాక వాడు అడిగిన ప్రశ్న, "మరి ఆ పంపుకు కరెంటు పోతే ఏం చేస్తారన్నా?" అని. పదో తరగతి తప్పినవాడు. ఫుకుషిమా అంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. అలాంటివాళ్ల కోసం ఒక లైను రాయడానికి మనం జంకక్కర్లేదు.

లైనుతో పాటు ఇంకొక్కటి. టారిఫ్ ఆర్డర్లో ఉండే ఆ స్టేషన్ల పట్టికను, మొత్తం ఆర్డర్ కాకపోయినా, ఆ రెండు మూడు పేజీలను తెలుగులో వేరుగా పెట్టించండి. డిస్కం సెక్షన్ ఆఫీసుల నోటీసు బోర్డు మీద అంటిస్తే ఇంకా మంచిది. బురద చెరువు నీళ్ల పరీక్షలు మీ పరిధి కాదని నాకు తెలుసు. అయినా ఆ కరెంటు ధర ఒప్పుకునేది మీరే కాబట్టి, ఆ ఫలితాలు తెలుగులో ఎందుకు పెట్టరని సంబంధిత సంస్థలను అడిగే చోటు మీకుంది.

లైను ఎలా ఉండాలో నమూనా ఒకటి రాసుకున్నాను. అంకెలు మీ ఆర్డర్లోవే, మాటలు మావి. తిరుపతిలో మీరు ఈసారి బహిరంగ విచారణ పెట్టినప్పుడు తెచ్చి ఇస్తాను. మామిడి సీజన్ అయ్యాక పెడితే నాకు సెలవు దొరుకుతుంది, మాతో పాటు టెంకలు వేసే పిల్లవాణ్ని కూడా వెంటబెట్టుకొస్తాను.

ఇట్లు,
చిత్తూరు నుంచి ఒక బాయిలర్ ఆపరేటర్